డెబ్భై రెండు భోజనాల గౌను

నేను ఒక నల్ల గౌనును. గౌనంటే ఆడపిల్లలు పండక్కి తొడుక్కునే కుచ్చుల గౌను అనుకునేరు. నాకు కుచ్చులు లేవు, పువ్వులు లేవు, చేతులు కూడా సరిగ్గా లేవు. లండన్‌లో బారిస్టరు చదువు చదివేవాళ్లు భోజనాల హాల్లోకి పోయేటప్పుడు భుజాల మీద వేసుకునే రకాన్ని. ఇప్పుడు మాత్రం ఒక బార్ అసోసియేషన్ లైబ్రరీలో అద్దాల బీరువాలో వేలాడుతున్నాను. నా కింద ఒక అట్టముక్క అంటించారు. 'ఈ గౌను ధరించి కీర్తిశేషులు నందివాడ విశ్వపతి గారు అనేక కేసులు వాదించిరి' అని ఉంటుంది దాని మీద. అది శుద్ధ అబద్ధం. నన్ను పెట్టుకుని ఆయన వాదించింది ఒకే ఒక్క కేసు, అదీ కోర్టులో కాదు. పెద్దాపురంలో మామగారి వీధి అరుగు మీద.

నాకు పుట్టుకతోనే అనుమానం ఎక్కువ. నన్ను కుట్టిన దుకాణం లండన్‌లో ఒక ఇరుకు సందులో ఉండేది. దాని యజమాని రోజూ సాయంత్రం తలుపు దగ్గర నిలబడి, కుట్టుపని చేసే ఆడవాళ్ల జేబులు తడిమి గాని ఇంటికి పంపేవాడు కాదు, దారపు ఉండలు పట్టుకుపోతారేమోనని. నన్ను కుట్టినావిడ ఏనాడూ పూచికపుల్ల కూడా తీసుకుపోలేదు. కానీ ప్రతి కుట్టుకీ ఆ యజమానిని మనసులో తిట్టుకునేది. ఆ అనుమానమూ ఈ తిట్లూ కలిసి నా అంచుల్లోకి దిగాయనుకుంటాను. ఎవరి భుజాల మీద కూర్చున్నా, ఈ మనిషి ఏం దాస్తున్నాడా అన్నదే నా మొదటి ఆలోచన.

ఇంగ్లండులో బారిస్టరు కావాలంటే నాలుగు పాత సంఘాల్లో ఒకదానిలో చేరి తీరాలి. వాటిని ఇన్ అంటారు. మనవాళ్లు సత్రం అనుకున్నా తప్పులేదు, ఎందుకంటే అక్కడ చదువు కన్నా భోజనాలే ముఖ్యం. నాది ఏ సంఘమో చెప్పను. చెబితే మీరు ఉత్తరం రాసి అడుగుతారు, ఇలాంటి గౌను మాది కాదని వాళ్లు జవాబు రాస్తారు. హాలు గోడల నిండా ఆ సంఘంలో భోంచేసి పైకొచ్చిన మహానుభావుల పటాలు ఉండేవి. ప్రధాన న్యాయమూర్తులు, మంత్రులు, ఎక్కడెక్కడి దీవులకో వెళ్లి ఏలినవాళ్లు. గౌన్ల గదికి కాపలా ఉండే హాబ్స్ అనే ముసలాయన, కొత్తగా వచ్చిన ప్రతివాడికీ నా మేకు చూపించి, ఫలానా ప్రభువుగారు ఈ మేకుకే తన గౌను తగిలించేవారని చెప్పేవాడు. వారానికొక ప్రభువు పేరు చెప్పేవాడు. విన్నవాడు మాత్రం ఆ పూట ఛాతీ రెండంగుళాలు ముందుకు పెట్టుకుని నడిచేవాడు.

నిజానికి నన్ను వేసుకున్నవాళ్లలో గొప్పవాళ్లయినవాళ్లు లేకపోలేదు. ఒకాయన బల్ల మీది రొట్టెముక్కలు నా మడతల్లో దాచుకుని బసకి పట్టుకుపోయేవాడు. ఆయన తర్వాత జడ్జీ అయి దొంగలకి కఠినశిక్షలు వేయడంలో పేరు తెచ్చుకున్నాడు. ఇంకొకాయన చివరి ప్రార్థన కాకుండానే పక్క తలుపులోంచి జారుకునేవాడు. ఆయన మంత్రి అయి క్రమశిక్షణ మీద ఉపన్యాసాలిచ్చాడు. పటాల్లో వేసేవి ముఖాలు. నేను ఎరిగినవి వీపులు. అందుకే ఆ పటాల మీద నాకు పెద్ద గౌరవం కుదరలేదు.

ఇక ఆ భోజనాల సంగతి. ఏడాదికి నాలుగు టెర్ములు, మూడేళ్లకు పన్నెండు. టెర్ముకు ఆరు భోజనాల చొప్పున మొత్తం డెబ్భై రెండు. పరీక్షలు ఎంత బాగా రాసినా ఈ డెబ్భై రెండూ పూర్తయితే గాని బారిస్టరుగా పిలవరు. నలుగురేసి ఒక పంక్తిగా కూర్చోవాలి. మొదటి ప్రార్థనకి ముందే హాల్లో ఉండాలి, చివరి ప్రార్థన అయ్యేదాకా లేవకూడదు. తలుపు దగ్గర ఒకాయన పేర్ల పట్టీ పట్టుకుని నిలబడి, వచ్చినవాడు వచ్చాడా, ఉన్నవాడు ఉన్నాడా అని గద్దలా చూస్తుండేవాడు. నాకు ఆ హాలు మొత్తంలో నచ్చిన మనిషి ఆయనొక్కడే.

విశ్వపతి వచ్చింది పంతొమ్మిది వందల ఆరులో. కాకినాడ నియోగుల బిడ్డ, తల్లిదండ్రులు లేరు, ఒక జమీందారుగారు చదువుకు పంపారు. వచ్చేనాటికి వయసు ఇరవై రెండు, పెళ్లయి నాలుగేళ్లు. భార్య చూడామణిని పెద్దాపురంలో పుట్టింట్లో వదిలి ఓడెక్కాడు. సన్నగా, గెడకర్రలా ఉండేవాడు. నన్ను భుజాన వేసుకున్న మొదటి సాయంత్రం ఆయన గుండె దడదడ నాకు స్పష్టంగా వినిపించింది. ఇతను తప్పకుండా ఏదో దాస్తున్నాడని అప్పుడే తీర్మానించేశాను.

హాల్లో ఆయన పక్కన కూర్చోవడానికి పోటీ ఉండేది. తోటి విద్యార్థులకి ఆయన మీద అంత ప్రేమ ఏమిటా అని మొదట్లో నాకు అర్థం కాలేదు. నలుగురికీ కలిపి ద్రాక్షసారా సీసా ఇస్తారు, మాంసం పళ్లెం ఇస్తారు. విశ్వపతి రెండూ ముట్టడు. ఆయన వాటా మిగతా ముగ్గురిదీ. చాలా మర్యాదస్తుడని వాళ్లు ఆయన్ని మెచ్చుకునేవారు గాని, మెచ్చుకున్నది ఆయన వాటాని. ఆయన మాత్రం ఎండు రొట్టె, ఉడకబెట్టిన బంగాళాదుంప, ఉప్పూ కారం లేని క్యాబేజీ ముందు పెట్టుకుని, చివరి ప్రార్థన కోసం ఎదురుచూసేవాడు. బల్ల కింద, నా అంచు చాటున పెట్టుకుని చూడామణి ఉత్తరాలు చదువుకునేవాడు. చదివిందే మళ్లీ చదివేవాడు. రెండో ఏడు శీతాకాలం మొదలవుతూనే ఆ ఉత్తరాలు ఉన్నట్టుండి ఆగిపోయాయి. ఆవిడ మరిచిపోయిందని నేను అనుకున్నాను. నా బుద్ధి అంత.

డెబ్భై రెండో భోజనం అయింది. పటాల కింద వరసగా నిలబెట్టి పేరు పిలిచి బారిస్టరుని చేశారు. ఆ పూట ఆయన కొత్త గౌను కొనుక్కుని వచ్చాడు, పొడుగు చేతులది, నిగనిగలాడేది. వేడుక అయ్యాక దాన్ని విప్పి, గౌన్ల గదిలో నన్ను దించి కుర్చీ మీద పెట్టి, నా మేకుకే తగిలించాడు, ఎవరితోనో చేతులు కలపడానికి. తిరిగి వచ్చి, మూడేళ్ల అలవాటు కొద్దీ కింద కుర్చీ మీద ఉన్న నన్ను తీసి మడిచి చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. హాబ్స్ చూస్తూ ఊరుకున్నాడు. పాతది పోయి కొత్తది మిగిలితే ఎవడు మాత్రం పిలిచి చెబుతాడు? మర్నాడు నేను పెట్టెలో, పెట్టె ఓడలో. నన్ను దొంగిలించాడేమోనని దారి పొడుగునా అనుమానపడ్డాను. కాకినాడలో పెట్టె తెరిచి నన్ను చూడగానే నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. కొత్త గౌను కోసం లండన్‌కి రాశాడు. అది రావడానికి నెలలు పడుతుంది.

గౌను లేకపోయినా ఆయనకి పెద్ద బెంగ లేదు. బెంగంతా చూడామణి గురించే. సముద్రం దాటినందుకు గోదావరి ఒడ్డున ప్రాయశ్చిత్తం చేయించుకున్నాడు, గుండు గీయించుకున్నాడు, శాంతి చేశాడు. అయినా మామగారు చిర్రావూరి నరసావధానిగారు కూతుర్ని పంపలేదు. సముద్రం సంగతి సరే, తిండి సంగతేమిటన్నారు. పెద్దల ఎదుట దీపం మీద చెయ్యి పెట్టి, ఆ దేశంలో నిషిద్ధమైనది ఏదీ తినలేదని ప్రమాణం చెయ్యాలి. అక్కణ్ణించి తెచ్చిన పెట్టె కూడా అరుగు మీద విప్పి చూపించాలి. అప్పుడే పిల్ల కాపరానికి వస్తుంది.

ఈ కబురు కాకినాడలో భైరవమూర్తి చెవిన పడింది. ఈయన ముప్ఫై ఏళ్లుగా జిల్లా కోర్టులో పాతుకుపోయిన ప్లీడరు. ఊళ్లోకి బారిస్టరు దిగుతున్నాడన్న దగ్గర్నుంచి ఆయనకి నిద్ర సరిగ్గా పట్టడం లేదు. అవధానిగారికి దూరపు బంధువునని చెప్పుకుని పెద్దల్లో ఒకడిగా వచ్చి కూర్చున్నాడు.

పొద్దున్నే, ఎనిమిది మంది పెద్దలు అరుగు మీద చాప మీద కూర్చున్నారు. పెట్టె విప్పారు. తోలు బెల్టుని చూసి ముఖం పక్కకి తిప్పుకున్నారు. పళ్లు తోముకునే కుంచె చూసి, దీనివి ఏ జంతువు వెంట్రుకలని అడిగారు. తెలియదన్నాడు విశ్వపతి. తెలియకుండానే నోట్లో పెట్టుకున్నావా అని ఒకాయన విస్తుపోయాడు. వాళ్లని చూస్తుంటే నాకు మా దుకాణం యజమాని గుర్తుకొచ్చాడు. తలుపు వెనకాల గాజుల చప్పుడు వినిపించింది. చూడామణి అక్కడ నిలబడి వింటోందని అందరికీ తెలుసు, ఎవరూ తెలిసినట్టు కనిపించలేదు.

అప్పుడు భైరవమూర్తి గొంతు సవరించుకున్నాడు. "బారిస్టరుగారూ, డెబ్భై రెండు భోజనాలు చేస్తే గాని అక్కడ పట్టా ఇవ్వరని నేను పుస్తకంలో చదివానండి. మీరు చేశారా, చెయ్యలేదా?"

ఎంత నెమ్మదిగా అడిగాడో అంత లోతుగా తవ్విన గొయ్యి అది. చేశానంటే దొరల పంక్తిలో భోంచేసినట్టు, భార్య రాదు. చెయ్యలేదని దీపం మీద చెయ్యి పెడితే, ఆ మాట పట్టుకుని రేపే భైరవమూర్తి మద్రాసు హైకోర్టుకి అర్జీ పెడతాడు, ఈయన బారిస్టరే కాదు, మోసం చేసి పట్టా తెచ్చుకున్నాడని. పట్టా కాగితం అప్పటికే మద్రాసులో ఉంది, నమోదు కోసం.

విశ్వపతి ఓపిగ్గా చెప్పాడు. తినాలన్న నియమం లేదని, మొదటి ప్రార్థన నుంచి చివరి ప్రార్థన దాకా పంక్తిలో కూర్చుంటే చాలని, తాను రొట్టె, దుంపలు తప్ప ముట్టలేదని చెప్పాడు. డెబ్భై రెండు సార్లు పెళ్లిపందిట్లో కూర్చుని ఆకలితో లేచి వచ్చాడట పాపం అని ఒకాయన నవ్వాడు. మిగతావాళ్లూ నవ్వారు. ఒక్క ముక్కా ఎవరూ నమ్మలేదు. చెబుతున్నది చాలామటుకు నిజమని నాకు తెలుసు, నాకు నోరు లేదు.

పెట్టె అడుగున చివరగా మిగిలింది నేను. అవధానిగారు చేత్తో తాకకుండా కర్రతో నన్ను పైకి లేపారు. అది హాల్లో పదిమందీ వేసుకునే గౌనని, పొరపాటున తన వెంట వచ్చిందని విశ్వపతి చెప్పాడు. ఎండ పడింది. ఎడమ రొమ్ము మీద అరచేతి వెడల్పున జిడ్డు మరక. కొత్త గౌను తెచ్చి ఉంటే ఈ మరకా లేదు, ఈ గొడవా లేదు.

అవధానిగారు మరకని చూశారు, అల్లుడి ముఖం చూశారు, తలుపు వైపు ఒకసారి చూశారు. గొంతు తగ్గించి అడిగారు. "అల్లుడుగారూ, ఇది పదిమంది వేసుకున్న గుడ్డని మీరే అన్నారు కదా. ఈ మరక మీకు ముందు ఎవడో వేసుకున్నవాడిదై ఉంటుంది. అంతేనా?"

ఆ పెద్దాయన మీద నాకు మొదటిసారి జాలి కలిగింది. ఆయనకీ కూతురు కాపరానికి పోవాలనే ఉంది. దారి చూపిస్తున్నాడు. నా మీద నిజంగానే పదిమంది మరకలు ఉన్నాయి, జడ్జీదీ ఉంది, మంత్రిదీ ఉంది. అవునండీ అంటే సరిపోయేది. అంటాడనే అనుకున్నాను. గొప్పవాళ్లు కాబోయేవాళ్ల నోట ఇలాంటి అవునండీలు నేను చాలా విన్నాను.

"కాదండీ మావయ్యగారూ, నాదే," అన్నాడు విశ్వపతి.

లండన్ సంగతులు చెప్పినప్పుడు నేను ఈ ముక్క దాటవేశాను. ఇప్పుడు ఆయనే బయటపెట్టాడు కనక నేను దాచి లాభం లేదు. రెండో ఏడు ఫిబ్రవరి. బయట మంచు. మూడు రోజులుగా ఆయనకి జ్వరం. పేర్ల పట్టీ ఆయన ఊరుకోడని లేచి వచ్చాడు. హాల్లో బార్లీ గింజలు వేసిన వేడి చారు వడ్డించారు. గింజలే కదా అని ఒక గిన్నె తాగాడు. తాగాక పక్కన కూర్చున్నవాడు, అది గొర్రె ఎముకలు మరిగించి చేసిందని చెప్పాడు. అరుగు మీద ఆయన చెప్పింది ఇంతే. ఒక గిన్నె, తెలియక, అన్నాడు. బారిస్టరు చెప్పినట్టే చెప్పాడు. ప్రతి ముక్కా నిజమే. ఒక ముక్క తక్కువ. అది నాకు తెలుసు.

భైరవమూర్తి ముఖం ముడుచుకుపోయింది. తినలేదంటాడని వల పన్నితే తిన్నానన్నాడు, ఇక హైకోర్టుకి రాయడానికి ఏమీ లేదు. పెద్దలు మాత్రం గుసగుసలాడుకున్నారు. తెలియక తినడం ఏమిటి, తెలిసే తిని ఉంటాడని ఒకరన్నారు. మూడేళ్లలో ఒక్క గిన్నేనా అని ఇంకొకరన్నారు. అవధానిగారు కర్ర దించారు. నేను నేల మీద పడ్డాను. పిల్లని పంపేది లేదని ఆయన చెప్పేశారు.

అప్పుడు తలుపు తెరుచుకుంది. చూడామణి చేతిలో చిన్న చెక్కపెట్టె ఉంది. నేరుగా వచ్చి, ఎవరూ ముట్టని నన్ను వంగి తీసుకుంది, దులిపి మడిచింది. "తప్పించుకునే దారి మీరే చూపించారు, నాన్నగారూ. ఈయన ఆ దారిన పోలేదు. నాకు అది చాలు. నేను వెళ్తున్నాను."

వెళ్తే మళ్లీ ఈ గడప తొక్కొద్దని అవధానిగారు అన్నారు. ఆవిడ ఆ గడపకే దండం పెట్టి దిగింది.

జట్కా కదిలింది. నేను ఆవిడ ఒడిలో ఉన్నాను. బండి సామర్లకోట కాలువ దాకా వచ్చింది. నాకు ఒంటి మీద తేళ్లు పాకినట్టుగా ఉంది. పుట్టింటిని వదులుకుని వచ్చింది ఈ పిల్ల, దేన్ని నమ్మి? మూడు వంతుల నిజాన్ని నమ్మి. ఈయన నోరు విప్పడు, ఇక ఎప్పటికీ విప్పడు, ఆ మిగతా వంతు నాతోపాటే మాసిపోతుంది అనుకున్నాను.

"చూడామణీ," అన్నాడు విశ్వపతి. జట్కా తోలే సింహాద్రిని ఆపమన్నాడు. "ఒకటి కాదు, రెండు గిన్నెలు. మొదటిది తెలియక తాగాను. రెండోది అడిగి పోయించుకున్నాను, అదేమిటో తెలిశాక. చెయ్యి వణికి ఒలికింది ఆ రెండోదే. వెనక్కి పోదామంటే బండి తిప్పిస్తాను. మీ నాన్నగారికి నేనే చెబుతాను."

నేను చచ్చిపోయాననుకున్నాను. ఎన్ని వీపులు ఎక్కినా, అడగని నిజం చెప్పిన మనిషిని నేను చూడలేదు. చెప్పకపోతే బాగుండునని నాకే అనిపించింది.

ఆవిడ నా మరకని వేలితో తడిమింది. "రెండోది ఎందుకు అడిగారు?"

"చలి. ఆకలి. నీ ఉత్తరాలు ఆగి నాలుగు నెలలైంది. నువ్వు నన్ను వదిలేశావనుకున్నాను. ఇక ఎవరి కోసం నియమాలు పట్టుకుని కూర్చోవాలో తెలియలేదు."

చూడామణి ఒడిలోంచి నన్ను పక్కకి జరిపి చెక్కపెట్టె తెరిచింది. లోపల ఉత్తరాల కట్ట, అన్నీ అంటించినవే, ఒక్కదాని మీదా పోస్టు ముద్ర లేదు. రాసినవన్నీ పోస్టులో వెయ్యమని తండ్రికి ఇచ్చేదట. అల్లుడు కులం చెడిపోయి ఉంటాడేమోనన్న అనుమానంతో రెండో ఏడు నుంచి ఆయన వాటిని తన పంచాంగాల అరలో దాచేశారు. నిన్న దీపం కోసం వత్తులు వెతుకుతుంటే దొరికాయి. పెద్దల ఎదుట ఆ మాట ఎత్తి తండ్రి తల దించడం ఆవిడకి ఇష్టం లేకపోయింది. ఇదంతా ఆవిడ కళ్లు తుడుచుకోకుండానే చెప్పింది.

కట్టలో వెతికి ఒకటి తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆ శీతాకాలంలో, జనవరి మొదట్లో రాసింది. వేసి ఉంటే ఫిబ్రవరికల్లా చేరేది. విశ్వపతి విప్పి చదువుతుంటే కాగితం నా మీద వాలింది. నేనూ చదివాను.

'అక్కడ మంచు పడుతోందని నాన్నగారు పేపర్లో చదివి వినిపించారు. ఒళ్లు జాగ్రత్త. ఏది వేడిగా దొరికితే అది పుచ్చుకోండి. అది ఏమిటని నేను అడగను, మీరూ చెప్పకండి. మనిషి తిరిగి రావాలి, అంతే.'

విశ్వపతి ఆ కాగితాన్ని ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. బండి ఎటు తిప్పాలో ఎవరూ చెప్పడం లేదని సింహాద్రి వెనక్కి తిరిగి చూస్తున్నాడు. చూడామణి కాకినాడ వైపు చెయ్యి చూపించింది.